తొమ్మిదో పేజీలో తమ్ముడు

జూన్ 11

ప్రియమైన తమ్ముడూ,

ముందు మంచి కబురు. ప్రొఫెసర్ పోస్టు పడింది. పదకొండేళ్ళుగా దుమ్ము పట్టిన కుర్చీ ఇవాళ నోటీసు బోర్డెక్కింది. ఇంటర్వ్యూ ఆగస్టు ఇరవై ఎనిమిదిన. మా ఫిలాసఫీ శాఖ పెద్దాయన నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, "ఇది నీదేనమ్మా, రాసిపెట్టుకో" అన్నాడు. వచ్చే నెల రిటైరవుతున్నాడు కదా, ఇప్పుడొచ్చింది ధైర్యం.

పోటీలో ఇంకొకడే ఉన్నాడు, మన ఇస్త్రీ చొక్కా. నీకు చెప్పాగా, ఎంత ఎండలో తిరిగినా చొక్కా నలగని మనిషి. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మంచివాడే. కానీ అతను రాసింది చదివిన మర్నాడు ఎవరికీ గుర్తుండదు. నాది గుర్తుంటుంది. గొప్పలు పోతున్నాననుకోకు, నీ దగ్గర కాకపోతే ఇంకెక్కడ పోను?

ఇక్కడ చేరినప్పుడు నాకు మెట్ల కింద గదిచ్చారు. కుర్చీ వెనక్కి జరిపితే బీరువా తలుపు తెరుచుకునేది కాదు. ఇరవై ఆరేళ్ళు పట్టింది నాకు ఆ మెట్ల కింద నుంచి రెండో అంతస్తులో కిటికీ ఉన్న గదికి రావడానికి. ఇప్పుడు నాకు యాభై నాలుగు. ఈసారి రాకపోతే ఇంకో నోటీసు పడేలోపు నేనే రిటైరవుతాను. కాబట్టి ఇదే ఆఖరు. వదలను.

ఇక రెండో కబురు. ఇది మంచిదో చెడ్డదో తెలీదు.

నా పేరంతా ఒక్క వాదం మీద నిలబడి ఉందని నీకు తెలుసు. మాట పుచ్చుకున్న మనిషి "పోనీలే, వదిలెయ్" అనగలిగినంత కాలమే ఆ మాట మనల్ని కట్టేస్తుంది. పోయినవాళ్ళు వదిలిపెట్టలేరు, కాబట్టి పట్టుకోనూలేరు. పోయినవాళ్ళకిచ్చిన మాట వాళ్ళతోనే పోతుంది. దీనికి నేనిచ్చిన ఉదాహరణ తోట. ఒకడు పోతూ పోతూ "నా తోటకి నీళ్ళు పొయ్యి" అని స్నేహితుడి చేత మాట తీసుకుంటాడు. తర్వాత ఆ స్నేహితుడు నీళ్ళు పొయ్యాలా? పోస్తే మంచిదే, పొయ్యకపోతే తప్పు కాదు. ఎక్కడెక్కడి కాలేజీల్లోనో ఈ తోట పాఠం చెప్తారు. నా క్లాసు పిల్లలు నన్ను తోట మేడమ్ అంటారు, నాకు వినిపించదనుకుని.

మొన్న గురువారం సాయంత్రం క్లాసు. ఆ క్లాసుకి ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు వస్తారు. వాళ్ళలో ఒక నర్సు ఉంది. డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, ఆఖరి బెంచీలో బూట్లు విప్పుకుని కూర్చుంటుంది. ఎప్పుడూ నోరు మెదపని మనిషి లేచి నిలబడింది.

"మేడమ్, మా వార్డులో ఒకావిడ పోయేముందు నా చేత మాట తీసుకుంది. వాళ్ళాయనకి చూపు లేదు, వారానికోసారి వెళ్ళి పేపరు చదివి వినిపించమంది. మీ లెక్కన నేను వెళ్ళక్కర్లేదు కదా?"

"అక్కర్లేదు" అన్నాను.

"మరి ఆ పెద్దాయన్ని ఒక మాట అడగక్కర్లేదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వచ్చేవారం చెప్తానన్నాను. ఇన్నేళ్ళలో నేను వచ్చేవారం చెప్తాననడం ఇదే మొదటిసారి రా.

నీ అక్క


జూన్ 19

తోట మేడమ్ గారికి తమ్ముడు రాయునది,

"ప్రొఫెసర్ గారికి" అని మొదలుపెట్టా. నీ మరదలు వెనక నుంచి తొంగిచూసి, "ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే ఏంటి" అని కొట్టేయించింది. కానీ నీ ఉత్తరం వచ్చిన రోజు మా వర్క్‌షాపులో అందరికీ టీ ఇప్పించా. ఎందుకని అడిగితే మా అక్కకి పెద్ద పోస్టు వస్తోందని చెప్పా. మా సూపర్‌వైజరు "ఏం సబ్జెక్టు" అన్నాడు. ఫిలాసఫీ అన్నా. కాసేపు ఆలోచించి, "పాపం" అన్నాడు.

నర్సు సంగతి చదివా. ఏదో ఒకటి చెప్పి కూర్చోబెట్టు అక్కా. నీ నోటికి అది ఎంత పని? చిన్నప్పుడు నా పెన్సిలు నువ్వు విరక్కొట్టి, అసలు విరగడం అంటే ఏంటని గంటసేపు వాదించి, చివరికి నా చేతే సారీ చెప్పించుకున్నావు. అలాంటిదానివి ఒక్క నర్సుకి భయపడతావా?

ఇక్కడ నా బతుకు వేరే రకంగా తెల్లారింది. ఆస్పత్రి పక్కన ఎనిమిది అంతస్తుల బిల్డింగులో లిఫ్టు చూడ్డానికి వెళ్ళా. నాలుగు నెలల కింద నేనే చూసి, బాగుందని సంతకం పెట్టిన లిఫ్టు. పైన మోటారు గదిలో టార్చి వేసి చూస్తే ఇనప తాడులో పోగులు తెగి ఉన్నాయి. నాలుగు నెలల్లో తెగినవి కావు, తుప్పు చూస్తే తెలుస్తుంది. అంటే అప్పుడు కూడా ఉన్నాయి. నా కళ్ళే చూళ్ళేదు. వెంటనే కరెంటు ఆపి, స్విచ్చికి నా తాళం వేసి, నా పేరున్న చీటీ తగిలించా. మా పనిలో పద్ధతి అది. వేసినవాడే తియ్యాలి, మేనేజరొచ్చినా ముట్టుకోకూడదు. ఇక చూడు, బిల్డింగు మొత్తం నా మీద పడింది. ఏడో అంతస్తు ఆయన "నువ్వే కదయ్యా బాగుందన్నావు, నువ్వే బాలేదంటావా, నీ మాట ఏది నమ్మాలి" అని కాలరు పట్టుకున్నంత పని చేశాడు. రెండోది నమ్మండి సార్ అన్నా. ఇంకేమంటా?

సరే, అసలు సంగతి. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆ తోట జోలికి వెళ్ళకు. అయ్యాక కావాలంటే మొక్కలన్నీ పీకెయ్. పోస్టు ముందు, నిజం తర్వాత. నిజం ఎక్కడికీ పోదు, పోస్టు పోతుంది.

ఫోను చెయ్యమంటుంది నీ మేనకోడలు. వద్దన్నా. ఫోనులో నువ్వు మాట్లాడితే క్లాసులో కూర్చున్నట్టుంటుంది. ఉత్తరమైతే నాకు కావాల్సినచోట ఆపుకోవచ్చు.

నీ తమ్ముడు


జూలై 2

ప్రియమైన మెకానిక్కు గారికి,

ఏరా, నీ ఉత్తరంలో మూడో పేరాలో ఏం రాశావో, నాలుగో పేరాలో ఏం రాశావో ఒకసారి పక్కపక్కన పెట్టుకుని చూశావా? నువ్వు సంతకం పెట్టిన లిఫ్టుకి నువ్వే తాళం వేసి, జనం చేత చీవాట్లు తిని వచ్చి, నన్ను మాత్రం తెగిన తాడు మీదే మనుషుల్ని ఎక్కించమంటావా? నీకో న్యాయం, నాకో న్యాయమా?

గురువారం క్లాసులో చెప్పేశాను. "మీరన్నది సరైనది, నేను రాసింది తప్పు" అన్నాను. నర్సు కంగారుపడి, "అయ్యో, నేను ఊరికే అడిగాను మేడమ్" అంది. ఊరికే అడిగిందట! ఆ ఊరికే అడిగిన ముక్కని ఇరవై నాలుగేళ్ళుగా ఒక్క పండితుడూ అడగలేదు.

తప్పెక్కడుందో తెలిసింది రా. నా ఉదాహరణలోనే ఉంది. మాట ఇచ్చినవాడు ఒకడు, పుచ్చుకుని పోయినవాడు ఒకడు. మూడోది తోట. తోటని ఎవరూ ఏమీ అడగలేరు. కాబట్టి లెక్క సరిపోయింది. కానీ మాట ఎప్పుడూ ఎవరి గురించో ఒకరి గురించి ఉంటుంది. ఆ మూడో మనిషి బతికే ఉంటాడు. పుచ్చుకున్నవాళ్ళు పోయినా, ఎవరి మంచి కోసం మాట ఇచ్చామో వాళ్ళు ఉన్నారు. వదిలిపెట్టే హక్కు వాళ్ళకి వస్తుంది. వాళ్ళని అడక్కుండా మనకి మనమే వదిలించుకోవడం కుదరదు. ఇంతే. ఇంత చిన్నది. మొక్కల చాటున మనిషిని దాచేశాను.

వారం రోజులుగా రాస్తున్నాను. నా పుస్తకం ఎందుకు తప్పో, ఇరవై రెండు పేజీలు. పత్రిక సంపాదకుడికి ఫోను చేస్తే ముందు తుమ్మాడు, తర్వాత "మీ మీద మీరేనా?" అన్నాడు. ఆగస్టు సంచికలో ఎవరో ఆఖరి నిమిషంలో చెయ్యిచ్చారట, ఎనిమిదో తారీఖులోపు పంపితే వేస్తానన్నాడు. ఆగస్టు సంచిక అంటే ఇంటర్వ్యూకి రెండు వారాల ముందు బయటికొస్తుంది. కమిటీలో అందరి బల్ల మీదా ఉంటుంది. పెద్దాయనకి చెప్తే తల పట్టుకున్నాడు. "కూర్చున్న కొమ్మని నరుక్కుంటావా అమ్మా? నెలరోజులు ఆగితే ఏం పోతుంది?" అన్నాడు.

ఏం పోతుందో చెప్తాను విను. కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఆ పుస్తకం చూపించే కదా నేను కుర్చీ అడగాలి? తప్పని తెలిసిన దాన్ని చూపించి అడిగితే అది అబద్ధం చెప్పి తీసుకోవడమే. ఫిలాసఫీ ప్రొఫెసరు ఉద్యోగం అబద్ధంతో సంపాదిస్తే ఆ కుర్చీలో కూర్చుని రేపు పిల్లలకి ఏం చెప్పను? భయం లేదా అంటే ఉంది. అయినా ఆగను.

చిత్తుప్రతి ఒకటి దీంతో పంపిస్తున్నా. నువ్వు చదువుతావని తెలుసు. అర్థం కానిచోట గీత పెట్టు, అక్కడ నేనే సరిగ్గా రాయలేదని అర్థం.

అక్క


జూలై 10

అక్కా,

చదివా. రెండుసార్లు. బానే అర్థమైంది, గీతలు పెట్టడానికేం లేవు.

నెలరోజులు ఆగు అక్కా. బతిమాలుకుంటున్నా. మెట్ల కింద నుంచి పైకి రావడానికి ఎంత కష్టపడ్డావో నువ్వే రాశావు. సెలవుల్లో కూడా ఇంటికి రాకుండా ఆ గదిలో కూర్చున్నావు. అదంతా ఒక్క నర్సు అడిగిన ముక్కకి ఇచ్చేస్తావా? లిఫ్టు సంగతి వేరు. అందులో మనుషులు పడి చస్తారు. నీ తోటలో ఎవరు చస్తారు చెప్పు? నెల ఆగితే ఎవడి కాలూ విరగదు. నేనెప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు. ఇదొక్కటి అడుగుతున్నా.

ఇంకో సంగతి. తొమ్మిదో పేజీలో కొత్త ఉదాహరణ పెట్టావు. ఒక అమ్మాయి, పోతున్న తల్లికి మాటిస్తుంది, ఉద్యోగం రాగానే తమ్ముణ్ణి చదివిస్తానని. ఉద్యోగం వస్తుంది. తమ్ముణ్ణి చదివించదు. నువ్వు ఉదాహరణలు కల్పించి రాస్తావని తెలుసు. కానీ ఆ తమ్ముడు పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని షిఫ్టుకి వెళ్తాడని రాశావు. వాదానికి డబ్బాతో ఏం పని?

ఎవరక్కా ఆ తమ్ముడు?

తమ్ముడు


జూలై 15

ఒరేయ్ నాన్నా,

నీ ఉత్తరం అందేసరికే వ్యాసం పోస్టు చేసేశాను. ఏడో తారీఖునే పంపించా, నీ జవాబు కోసం ఆగలేదు. నువ్వు ఆగమని అంటావని తెలుసు, అంటే నాకు చెయ్యి ఆడదని కూడా తెలుసు. అందుకే ఆగలేదు.

తొమ్మిదో పేజీలో ఉన్నది నువ్వే.

ఇది నోటితో చెప్పాల్సింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా నోరు రాలేదు. అమ్మ ఆస్పత్రిలో ఉండగా ఒక మధ్యాహ్నం నువ్వు మందులకి కిందికెళ్ళావు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ మనిషిలో అంత బలం ఎక్కడిదో! "నీకు ఉద్యోగం రాగానే వాణ్ణి కాలేజీలో చేర్చు. వాడి బుర్ర నీకంటే చురుకు. ఇంటి కోసం స్కూలుతో ఆపేశాడు. మాటివ్వు" అంది. ఇచ్చాను. నాలుగు రోజులకి పోయింది.

రెండేళ్ళకి ఉద్యోగం వచ్చింది. మొదటి ఏడు, ఊరు కొత్త, వచ్చే ఏడు చూద్దామనుకున్నా. రెండో ఏడు పీహెచ్‌డీలో సీటొచ్చింది. నువ్వు షిఫ్టులు మానేసి కాలేజీకి వెళ్తే నేను చదువు పక్కన పెట్టి ఇల్లు చూడాలి. ఇద్దరం ఒకేసారి చదవడం జరగని పని. నాకు చదువు మీద ఎంత ఆశో నీకు తెలుసు. ఆకలి రా అది. సిగ్గు లేకుండా చెప్తున్నా, నిన్ను చూసి కూడా ఆగలేదు ఆ ఆకలి.

కానీ నిద్ర పట్టేది కాదు. అప్పుడు ఆ వాదం దొరికింది, పోయినవాళ్ళకిచ్చిన మాట పోయినట్టేనని. మొదటి చిత్తుప్రతిలో ఉన్నది నువ్వే, తోట కాదు. పదిరోజులు కూర్చున్నా వాదం ముందుకి కదల్లేదు. నువ్వు మధ్యలో డబ్బా పట్టుకుని నిలబడి నన్నే చూస్తున్నావు. అందుకని నిన్ను తీసేశాను. ఆ చోట తోటని పెట్టాను. ఇక చూడు, మూడు రోజుల్లో అయిపోయింది. తోట నోరు తెరిచి అడగదు కదా. ఆ వ్యాసంతో నాకు పేరొచ్చింది, ఉద్యోగం గట్టిపడింది, పుస్తకమైంది. నేను ఎక్కిన ప్రతి మెట్టు కిందా అదే ఉంది.

అందుకే ఆగలేకపోయాను. నిన్ను మళ్ళీ నీ చోట పెట్టి అచ్చు వేయిస్తేనే నాకు ఊపిరాడుతుంది. నన్ను తిట్టు. తిట్టాక, క్షమిస్తావో లేదో రాయి.

అక్క


సెప్టెంబర్ 3

ప్రియమైన తమ్ముడికి,

ఏడు వారాలైంది నీ దగ్గర నుంచి ఉత్తరం లేక. మేనకోడలు మాత్రం "నాన్న బానే ఉన్నాడత్తా, తిడుతూ తిరుగుతున్నాడు" అని ఒక ముక్క పంపింది. తిడుతున్నావంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. నువ్వు రాయకపోయినా నేను రాస్తాను, జరిగింది నీకు తెలియాలి.

ఆగస్టు పద్నాలుగున పత్రిక వచ్చింది. మర్నాటి నుంచి వరండాలో నేను వస్తుంటే మాటలు ఆగిపోయేవి. కొందరు చేతులు పట్టుకుని మెచ్చుకున్నారు, పరామర్శకొచ్చినట్టు. ఇరవై ఎనిమిదిన పొద్దున పదకొండింటికి పిలిచారు. పొడుగు బల్ల, ఐదుగురు, ఐదు మంచినీళ్ళ గ్లాసులు. నాకు గ్లాసు పెట్టడం మర్చిపోయారు.

వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి, చేతికర్ర కుర్చీకి ఆనించుకుని కూర్చున్నాడు. పత్రిక తిరగేసి, "మీ పుస్తకం తప్పని మీరే రాశారు. మరి దేన్ని చూసి మీకీ పోస్టివ్వాలి?" అన్నాడు.

"తప్పెక్కడుందో కనిపెట్టడం ఈ పోస్టులో పని అయితే, ఆ పని చేసి చూపించాను. ఇరవై నాలుగేళ్ళు ఆ వాదాన్ని ఎంతోమంది పాఠం చెప్పారు, ఎవరికీ కనబడలేదు, మీతో సహా" అన్నాను.

మీతో సహా అన్నది అక్కర్లేదు. నా నోటి సంగతి నీకు తెలుసుగా.

పోస్టు ఇస్త్రీ చొక్కాకి వచ్చింది. సోమవారం కాగితం పెట్టారు. అతనే నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "మీ కొత్త వ్యాసం వచ్చే ఏడాది నుంచి ఎమ్మేకి పెడతానండీ" అని వెళ్ళిపోయాడు. తలుపు వేసుకుని బాగా ఏడ్చాను. కుర్చీ కోసమే ఏడ్చాను, వేరే దేనికీ కాదు. కావాలని ఎంత కోరుకున్నానో అది పోయాక తెలిసింది.

ఏడ్చి, ముఖం కడుక్కుని, సాయంత్రం క్లాసు చెప్పి వచ్చాను. నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది. పుస్తకం మొదటి పేజీ నుంచి మళ్ళీ రాస్తాను, ఈసారి మూడో మనిషితో మొదలుపెట్టి. ఎవరు చదివినా చదవకపోయినా రాస్తాను. చేసినదానికి బాధ లేదు. నువ్వు రాయకపోవడమే బాధ. నిన్ను దాచేశానని ఊరందరి ముందూ ఒప్పుకుని, ఉన్నదంతా పోగొట్టుకున్నాను. ఇంకేం చెయ్యమంటావో చెప్పు, చేస్తాను.

నీ అక్క


సెప్టెంబర్ 12

అక్కకి,

కోపం తగ్గాక రాద్దామనుకున్నా. తగ్గలేదు. అయినా రాస్తున్నా.

తొమ్మిదో పేజీలో తమ్ముడెవరని అడిగింది తెలియక కాదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా నాకు తెలుసు. నువ్వు చెప్తావో లేదో చూద్దామని అడిగా. చెప్పావు. దానికి సంతోషం.

నీకు తెలియంది ఒకటుంది. నువ్వు అమ్మకి మాటిచ్చిన మర్నాడు, నువ్వు డాక్టరుతో మాట్లాడ్డానికి వెళ్ళావు. అమ్మ ఈసారి నా చెయ్యి పట్టుకుంది. "నిన్ను చదివించమని దాని దగ్గర మాట తీసుకున్నాను రా. తీసుకున్నప్పటి నుంచీ భయంగా ఉంది. నీ కోసం అది చదువు మానేస్తుంది. చదువు లేకపోతే అది బతకదు. అది అడిగినప్పుడు చదువంటే నీకిష్టం లేదని చెప్పు. మాటివ్వు" అంది. ఇచ్చా. అమ్మ సంగతి తెలుసుగా, కుడిచేత్తో పెట్టింది ఎడంచేత్తో సర్దేది.

నువ్వు ఉద్యోగంలో చేరాక మొదటిసారి సెలవులకి వస్తున్నావని తెలిసి, ఏం చెప్పాలో వారం రోజులు సాధన చేశా. మోటారు గదిలో ఒక్కణ్ణే నిలబడి, "నాకు చదువెక్కదక్కా, యంత్రాలే ఇష్టం" అని పైకి అనుకునేవాణ్ణి. నవ్వుతూ చెప్పాలా, విసుక్కుంటూ చెప్పాలా అని కూడా ఆలోచించా. నువ్వొచ్చావు. మీ లైబ్రరీ ఎంత పెద్దదో చెప్పావు. భోంచేశాం. బస్సెక్కావు. రెండో ఏడూ అంతే. ఆ తర్వాత ఏడు నీ వ్యాసం అచ్చయిన పత్రిక పంపించావు. డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివా. తోటకి నీళ్ళు పొయ్యక్కర్లేదని అర్థమైనప్పుడే, నువ్వింక నన్ను అడగవని కూడా అర్థమైంది.

చదువు పోయిందని కాదక్కా. నువ్వు అడిగితే నేను వద్దనేవాణ్ణి. అప్పుడు నీ చదువు నేనిచ్చినట్టుండేది. నువ్వు అడక్కుండా తీసుకున్నావు.

సరే, నాకు నేనే సర్దిచెప్పుకున్నా. అడక్కపోతే ఏం, ఇచ్చింది నేనే కదా అనుకున్నా. నువ్వు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే అందులో నాకూ వాటా ఉందనుకునేవాణ్ణి. నీ మరదలికి కూడా చెప్పలేదు ఆ మాట. వర్క్‌షాపులో టీలు ఇప్పించింది అందుకే. ఆ కుర్చీ వస్తే నేను పడినదానికి ఒక అర్థం ఉంటుందనుకున్నా. నువ్వేమో అది నీ ఒక్కదాని సొమ్మన్నట్టు తీసుకెళ్ళి వదిలేశావు. నెల ఆగమని రాశా, జన్మలో మొదటిసారి ఒకటి అడిగా, నా ఉత్తరం వచ్చేదాకా కూడా ఆగలేదు. నేనేమంటానో నీకు తెలుసట!

నువ్వు రాసింది తప్పని అనను. ప్రతి ముక్కా నిజం. మూడో మనిషిని అడగాలని ఇరవై రెండు పేజీలు రాశావు. ఆ మూడో మనిషిని అడక్కుండా అచ్చు వేయించావు. తీసుకున్నప్పుడూ నువ్వే ఆలోచించుకున్నావు, వదిలినప్పుడూ నువ్వే ఆలోచించుకున్నావు. నా గురించి పుస్తకాల్లో జరిగినంత చర్చ మనింట్లో ఒక్కరోజు జరగలేదు.

క్షమిస్తావా అని రాశావు. ఏం చెయ్యమంటావో చెప్పు, చేస్తానని రాశావు. నువ్వు అడగాల్సింది అవి కాదు. ఏం అడగాలో నీకు తెలుసు. అప్పుడైతే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఇప్పుడు నాకు నలభై తొమ్మిది. ఇప్పుడడిగితే వద్దంటానో, ఊఁ అంటానో నాకే తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. ఆ జవాబు నాది.

తమ్ముడు


సెప్టెంబర్ 17

ప్రియమైన తమ్ముడూ,

నీ ఉత్తరానికి జవాబుగా ఐదు పేజీలు రాశాను. చదివి చూసుకుంటే మళ్ళీ వాదమే. చింపేశాను. నువ్వన్నది నిజం. దానికి నేను చేర్చాల్సింది ఏమీ లేదు.

నీ చదువు గురించి నిన్ను అడగాల్సింది ఉత్తరంలో అడగను. శనివారం పొద్దున తొమ్మిదింటి బస్సుకి దిగుతాను. నీకు షిఫ్టుంటే అయ్యేదాకా గేటు దగ్గర కూర్చుంటాను, నా కోసం సెలవు పెట్టకు. ఇంట్లో అయినా సరే, మీ వర్క్‌షాపులో అయినా సరే, నువ్వెక్కడంటే అక్కడ. వద్దంటే వద్దు. ఊఁ అంటే ఎలాగో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. రెంటిలో ఏది అంటావో నేను ఊహించుకోవట్లేదు. బస్సులో కూడా ఊహించుకోను.

ఒక్కటే. నేను పూర్తిగా అడిగేదాకా నువ్వు నోరు తెరవకు.

అక్క